నా మౌనానికి వాళ్లు పెట్టిన పేరు

గొంతు బొంగురుపోయి వారాలు గడిచినా తగ్గకపోతే దవాఖానకు వెళ్లండి. ఈ ఒక్క ముక్క ముందే చెప్పేస్తే మిగతాదంతా నా ఇష్టమొచ్చినట్టు రాసుకోవచ్చు. మిరియాల కషాయం తాగి, పసుపు వేసిన పాలు తాగి, మెడకు మఫ్లరు చుట్టుకుని, రేపటికి తగ్గుతుందిలే అనుకుంటూ నేను ఒక వానాకాలమంతా పోగొట్టుకున్నాను. మీరు పోగొట్టుకోకండి.

ఇది రాస్తున్నది 1969లో. ప్రత్యేక రాష్ట్రం కావాలని విద్యార్థులు రోడ్ల మీదికి రావడంతో యూనివర్సిటీ మూతపడింది, బడులూ మూతపడ్డాయి. నాకు జబ్బు నయమై ఏడాది దాటింది. నయమైంది అంటే డాక్టర్లు అనే అర్థంలోనే. కోపం మాత్రం అలాగే ఉంది. రాస్తే కొంత తగ్గుతుందేమోనని మొదలుపెట్టాను. నాలాగా మంచాన పడి, చుట్టూ చేరినవాళ్ల మంచిమాటలకు ఉక్కిరిబిక్కిరయ్యే ఆడవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకు తోడుగా ఉంటుందని కూడా.

1967 వానాకాలం

అప్పుడు మేము తార్నాకలో ఒక ఇంటి వెనక వాటాలో అద్దెకుండేవాళ్లం. మా ఆయన జీవరత్నం యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా. నేను చిన్న బడిలో టీచర్ని. మాకు ఒక్కతే కూతురు, కృప, అప్పటికి ఎనిమిదేళ్లు. నా పేరు శాంతమ్మ. ఈ పేరు పెట్టినందుకు మా నాయనను మా ఊరివాళ్లు ఇప్పటికీ ఏడిపిస్తారు. నాకు నోరు ఎక్కువ. కూరగాయల బండివాడి దగ్గర నుంచి మా హెడ్మాస్టరు దాకా ఎవరు తప్పు మాట్లాడినా నేను ఊరుకోను. మా చర్చిలో ఆడవాళ్ల కూడికలో కూడా అంతే. అక్కడ పెద్ద మా ఆయన అక్క సువార్తమ్మ వదిన. ఆమెకు నా మీద ప్రేమే గాని, నా నోటి మీద ఎప్పుడూ ఒక ప్రార్థన ఉండేది. "ప్రభువా, మా మరదలి నాలుకను ముట్టుము" అని అందరిలో గట్టిగా చేసేది. నేను ఆమేన్ అనేదాన్ని కాదు.

కృప అచ్చం నా బిడ్డే. నిద్రలో కూడా మాట్లాడేది. బడి నుంచి వచ్చి సంచీ దించకముందే మొదలుపెట్టేది, అన్నం తినేటప్పుడు దాని కబుర్లకు ముద్ద చేతిలోనే ఎండిపోయేది. మా ఆయన తక్కువ మాట్లాడే మనిషి. మా ఇద్దరి మధ్య కూర్చుని అటూ ఇటూ చూస్తూ నవ్వుకునేవాడు.

ఆ వానల్లో నా గొంతు బొంగురుపోయింది. ముందు మగగొంతులా అయింది, పిల్లలు క్లాసులో నవ్వారు. తర్వాత గాలి తప్ప మాట రావడం మానేసింది. మింగితే చెవుల దాకా నొప్పి. సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడేది. నేను కషాయం తాగుతూనే పాఠాలు చెప్పాను. చివరికి ఒకరోజు అన్నం మింగలేక ఏడిస్తే మా ఆయన సెలవు పెట్టి పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు.

అక్కడి బెంచీలు నాకు బాగా గుర్తు. చెక్క నున్నగా అరిగిపోయి ఉండేది. ఎంతమంది భయపడుతూ కూర్చుంటే అంత నునుపు వస్తుందో అనుకున్నాను. గొంతు డాక్టరు చూసి ఛాతీ డాక్టరు దగ్గరికి పంపాడు. ఛాతీ డాక్టరు ఫోటో తీయించి మళ్లీ గొంతు డాక్టరు దగ్గరికి పంపాడు. చివరికి గొంతు డాక్టరు మా ఆయనతో ఇంగ్లీషులో మాట్లాడాడు, నేను ఆ గదిలో లేనట్టే. నాకూ ఇంగ్లీషు వచ్చు. క్షయ. ఊపిరితిత్తుల నుంచి గొంతుకు పాకింది.

తర్వాత నా వైపు తిరిగి తెలుగులో చెప్పాడు. "సూదులు, గోలీలు ఇస్తం, తగ్గుతది. గాని నువ్వు ఒక్క మాట మాట్లాడొద్దమ్మా. గుసగుస గూడ వద్దు. గొంతుకు రెస్టు ఇయ్యకపోతే మళ్ల రాదు. పిల్లను కొన్ని నెలలు వేరే దగ్గర ఉంచుండ్రి."

బస్సులో మా ఆయన నా పక్కన కూర్చుని కిటికీలోంచి చూస్తూ ఉన్నాడు. దిగేటప్పుడు మాత్రం అన్నాడు. "క్షయ అని ఎవరికి చెప్పొద్దు శాంతమ్మా. ఇల్లు ఖాళీ చేయిస్తరు. నీ నౌకరి పోతది. ఛాతీల నెమ్ము చేరిందని చెప్దాం." తల ఊపాను. అప్పటికే మాట్లాడకూడదుగా.

మర్నాడు కృపను సువార్తమ్మ వదిన ఇంటికి, బౌద్ధనగర్‌కు పంపాం. ఆమెకు పిల్లల్లేరు. ఆమె భర్తది రైల్వేలో పని, సగం రోజులు ఇంట ఉండడు. వదిన సంతోషంగా రిక్షా కట్టించుకుని వచ్చింది. కృప రిక్షాలో కూర్చుని ఏడుస్తూ అడిగింది. "అమ్మా, ఎందుకు మాట్లాడ్తలేవు? నా మీద కోపమొచ్చిందా?"

నేను గుమ్మంలో నిలబడి తల అడ్డంగా ఊపాను. దానికి అర్థం కాలేదు. "చెప్పు మరి! కోపం లేదని నోటితోటి చెప్పు!" అని అరిచింది. నా నోరు తెరుచుకుంది. మా ఆయన నా భుజం పట్టుకుని ఆపాడు. బిడ్డ ఏడుపు చూడలేక ఆయన ఒక మాట అన్నాడు. "అమ్మ ప్రార్థనల ఉన్నది బిడ్డా. దేవునితోటి మాట్లాడుతున్నది. అందుకే మనతోటి మాట్లాడ్తలేదు."

కృప ఏడుపు ఆపింది. వదిన కళ్లు పెద్దవి చేసి నన్ను చూసింది. ఆ చూపు ఎక్కడికి దారితీస్తుందో అప్పుడు నాకు తెలియలేదు.

ఆ చలికాలం

సూదుల సంగతి రాయను. కూర్చోలేకపోయేదాన్ని, చెవుల్లో ఎప్పుడూ ఏదో మోగుతూ ఉండేది, అంతే చాలు. మా ఆయన పొద్దున్నే లేచి జావ కాచేవాడు. నా గిన్నెలు వేరుగా మరిగించి, ఇంటివాళ్లు చూడకుండా లోపలే ఆరబెట్టేవాడు. కృప పలక నా చేతికిచ్చాడు. ఏం కావాలన్నా దాని మీద రాసేదాన్ని. మాటలా కాదు, రాసేసరికి కోపం చల్లారిపోయేది. చల్లారకపోతే బలపం విరిగేది.

మాట్లాడలేని మనిషిని లోకం చెవిటిదనుకుంటుంది. ఇంటామె నాతో అరిచి మాట్లాడేది. దవాఖాన కాంపౌండరు చేతులతో సైగలు చేసేవాడు. చర్చివాళ్లు మాత్రం మెల్లగా, గుడిలో మాట్లాడినట్టు మాట్లాడేవారు. ఎందుకంటే వాళ్ల దృష్టిలో నేను రోగిని కాదు. మౌన ప్రార్థనలో ఉన్నదాన్ని. మా ఆయన బిడ్డతో అన్న మాట వదిన చెవిన పడి, వదిన నుంచి ఆడవాళ్ల కూడికకు, అక్కడి నుంచి పాస్టరు అయ్యగారికి చేరింది. శాంతమ్మకు ఛాతీలో నెమ్ము చేరింది, ఆ జబ్బులో దేవుడు ఆమెను పట్టుకున్నాడు, ఆమె నోటికి కావలి పెట్టుకుని ప్రార్థిస్తున్నది. అంత నోరున్న మనిషి, ఇదిగో, ఒక్క మాట లేదు! ఇంతకన్నా మారుమనస్సు ఏముంటుంది?

మా ఆయన కాదనలేకపోయాడు. కాదంటే మరి ఎందుకు మాట్లాడడం లేదని అడుగుతారు. నెమ్ముకు గొంతు మూసుకోమని ఏ డాక్టరూ చెప్పడు.

అయ్యగారు మా ఇంటికి వచ్చారు. మంచి మనిషి. ఆయన ఇంట్లో ఎలా మాట్లాడతారో నాకు తెలియదుగాని, మా దగ్గర మాత్రం ప్రసంగంలో మాట్లాడినట్టే మాట్లాడతారు. వదిన, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు చాప మీద కూర్చున్నారు. అయ్యగారు నా మంచానికి దూరంగా కుర్చీ వేసుకుని అన్నారు. "అమ్మా శాంతమ్మా, మనుష్యుడు తన వారికి ఏమి ఇయ్యగలడు? వస్త్రములిచ్చిన చినిగిపోవును. తాను నూతనమగుటయే తన ఇంటివారికి ఇచ్చు కానుక. నీ మౌనముతో నీ భర్తకు, నీ బిడ్డకు గొప్ప కానుక ఇచ్చుచున్నావు."

చాప మీద ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. నాకు ఒళ్లు మండింది. కానుక అంటే మా చర్చిలో ఆదివారం సంచీ తిప్పినప్పుడు వేసేది. ఇచ్చేవాళ్లు ఇష్టపడి వేస్తారు. ఇక్కడ మాత్రం నా కొంగుముడి వాళ్లే విప్పుకుని, వాళ్లే సంచీలో వేసుకుని, వాళ్లే వందనాలు చెప్పుకుంటున్నారు.

పలక తీసుకుని పెద్ద అక్షరాలతో రాశాను. "నేను మారలేదు." క్షయ అని కూడా రాయబోయాను. మా ఆయన తలుపు దగ్గర నిలబడి నా చేతినే చూస్తున్నాడు. ఆయన ముఖం చూసి ఆగిపోయాను. ఆ రెండు ముక్కలే ఉన్న పలకను అయ్యగారికి తిప్పి చూపించాను.

ఆయన చదివారు. మళ్లీ చదివారు. "చూచితిరా ఈ తగ్గింపు! మారినవారే మారలేదని చెప్పుకొందురు. ప్రార్థన చేద్దాము."

తగ్గింపు. మా క్రైస్తవుల్లో వినయానికి ఆ మాట వాడతారు. తగ్గాల్సింది నా జబ్బు. అది ఇంకా తగ్గలేదు. నేను తగ్గానని మాత్రం అందరికీ సంతోషం. ఆ రోజు నుంచి పలక మీద వాళ్లకు ఏమీ రాయలేదు. ఏం రాసినా అది నా పవిత్రతకే జమ అయిపోతుంది. చిరాకుగా ముఖం తిప్పుకుంటే ధ్యానం అన్నారు. ఏడిస్తే పశ్చాత్తాపం అన్నారు. కళ్లు మూసుకుని పడుకుంటే వేళ్ల మీద నడిచి బయటికి వెళ్లిపోయేవారు. అదొక్కటే లాభం.

కృపను వారానికొకసారి వదిన తీసుకొచ్చేది. నెమ్ము పిల్లకూ అంటుతుందని మా ఆయన చెప్పి ఉంచడంతో ప్రహరీ బయట నిలబెట్టేది, నేను వరండాలో కూర్చునేదాన్ని. మధ్యలో ఇంటివాళ్ల పూలచెట్లు. మొదట్లో అది అక్కడి నుంచే కేకలు పెట్టి అన్నీ చెప్పేది. బడిలో ఎవరు కొట్టారో, మామయ్య రైలు ఎందుకు ఆలస్యమైందో, అత్తమ్మ చేసే చారు ఎంత పులుపో. వదిన మెల్లగా దాని తల మీద చెయ్యి వేసేది. "అరవొద్దు బిడ్డా. అమ్మ ప్రార్థనల ఉన్నది. అమ్మను చూడు, ఎంత నిమ్మళంగ కూసున్నదో. నువ్వు గూడ అట్ల నేర్చుకోవాలె."

వారం వారం దాని కేకలు తగ్గాయి. జబ్బుపడ్డ మనిషికి చలికాలం గడవదు గాని, పిల్లలు మారడానికి ఒక్క చలికాలం చాలు. క్రిస్మస్ నాటికి అది గేటు బయట చేతులు కట్టుకుని నిలబడి, నాకేసి చూసి, తల వంచి, "వందనాలమ్మా" అని వెళ్లిపోయేది. నేను వరండాలో కూర్చుని కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని.

డాక్టరు మంచి గాలి పీల్చమన్నాడు. రోజూ పొద్దున మా ఆయన ఆఫీసుకు వెళుతూ నన్ను వెంట తీసుకుపోయి, ఆర్ట్స్ కాలేజీకి కాస్త దూరంలో చెట్ల కింద బెంచీ మీద కూర్చోబెట్టి వెళ్లేవాడు. మధ్యాహ్నం వచ్చి ఇంటికి తీసుకుపోయేవాడు. అక్కడ విద్యార్థులు పుస్తకాలు పట్టుకుని పెద్దగా వల్లె వేస్తూ తిరిగేవారు. అంతమంది గొంతులు వాడేసుకుంటుంటే నాకు అసూయగా ఉండేది.

ఒక అమ్మాయి రోజూ నా బెంచీ మీదే కూర్చునేది. ఎమ్మే చదువుతోంది, అడిక్‌మెట్‌లో గది తీసుకుని నలుగురు ఆడపిల్లలు కలిసి ఉంటున్నారట. నేను మూగదాన్ననుకుని తన కష్టాలన్నీ చెప్పుకునేది. ఊళ్లో నాయన చదువు మానమంటున్నాడని, గదిలో ఒకతె తన సబ్బు వాడేస్తున్నదని. నాకు నవ్వొచ్చేది. ఒకరోజు ఉన్నట్టుండి అడిగింది. "అక్కా, మీకు పుట్టినప్పటిసంది మాటలు రావా?"

పలక తీసి రాశాను. "వస్తాయి. డాక్టరు వద్దన్నాడు. క్షయ." ఎందుకు రాశానో నాకే తెలియదు. ఆ మాట నా చేత్తో రాసింది అదే మొదలు. రాసి, ఆ అమ్మాయి లేచి వెళ్లిపోతుందని ఎదురుచూశాను.

అది చదివి, పైట కొంగు కాస్త ఎగరేసి గాలి ఎటు నుంచి వస్తోందో చూసుకుంది. "గాలి ఇటు కొడ్తున్నది. నేను ఆ దిక్కు కూసుంట" అని నా అవతలి వైపుకు మారి కూర్చుంది. సబ్బు సంగతి ఎక్కడ ఆపిందో అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టింది.

ఆ చలికాలంలో నా కోసం చాలామంది ప్రార్థించారు. వాళ్ల పేర్లు నాకు గుర్తున్నాయి. ఈ పిల్ల పేరు అడగడం మర్చిపోయాను. కానీ నాకు మనిషి అనిపించింది ఆమే.

1968 ఎండాకాలం

ఫోటోలు బాగున్నాయి, కఫంలో పురుగు లేదు, ఇంటికి పిల్లను తెచ్చుకోవచ్చు అన్నాడు ఛాతీ డాక్టరు. మందులు ఇంకా చాలా కాలం మింగాలి, అది వేరే సంగతి. గొంతు డాక్టరు అద్దం పెట్టి చూసి, మెల్లగా మాట్లాడడం మొదలుపెట్టమన్నాడు.

అన్ని నెలలు నేను ఒకటే అనుకున్నాను. నా నోటి నుంచి వచ్చే మొదటి మాట కృప పేరు కావాలి. డాక్టరు ఎదురుగా కూర్చోబెట్టి, "ఏదమ్మా, నీ పేరు చెప్పు" అన్నాడు. అనుకోకుండా "శాంతమ్మ" అనేశాను. తుప్పు పట్టిన తలుపు తెరిచిన చప్పుడు. మా ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నాకు మాత్రం చేతిలోది నేలపాలైనట్టనిపించింది.

అదే సాయంత్రం బౌద్ధనగర్‌కు వెళ్లాం. వదిన ముంగిట్లో నీళ్లు చల్లుతోంది. నేను "వదినా" అన్నాను. ఆమె చెంబు వదిలేసి నన్ను పట్టుకుని ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది. ఆమె ప్రేమను నేను కాదనను. లోపల కృప చాప మీద కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. "కృపా" అన్నాను. అది లేచి నిలబడి, చేతులు కట్టుకుని, ముందు వదిన ముఖం చూసింది.

"మాట్లాడు బిడ్డా, అమ్మ ప్రార్థన అయిపోయింది" అంది వదిన.

"మంచిగున్నవా అమ్మా?" అంది కృప. గొంతు ఎంత మెల్లగా వచ్చిందంటే నేను వంగి వినాల్సి వచ్చింది.

"దాని బట్టలు సర్దు వదినా, తీస్కపోతం" అన్నాను.

వదిన పైటతో ముఖం తుడుచుకుని కూర్చుంది. "గింత తొందరేంది? కృతజ్ఞతా కూడిక పెట్టుకుందాం, గీడనే, మా ఇంట్ల. అయ్యగారికి చెప్పిన. సంఘం ముందట నిలబడి సాక్ష్యం చెప్పు. నా నోరు నా పాపం, దేవుడు దాన్ని మూసి నన్ను మార్చిండు అని చెప్పు. అందరు వింటరు, పిల్ల గూడ వింటది. చెప్పినంక పిల్ల చెయ్యి పట్టుకొని తీస్కపో. గదే నువ్వు దానికిచ్చే కానుక."

"చెప్పకుంటే?"

వదిన కృప తల నిమురుతూ అంది. "పిల్ల నా దగ్గర మంచిగున్నది శాంతమ్మా. నోట్లె నాలుక లేనట్టు పెరుగుతున్నది. మళ్ల మీ ఇంటికొస్తే, మళ్ల ఎప్పటి లెక్కనే అయితే? నువ్వు నిజంగ మారినవని నాకు ధైర్యం గావాలె గదా."

అప్పుడు అర్థమైంది. ఆమెకు పిల్లను ఇవ్వాలని లేదు. ఇవ్వక తప్పదని తెలుసు. అందుకని మధ్యలో దేవుణ్ణి నిలబెట్టింది.

ఇంటికి వచ్చాక మా ఆయన మీద విరుచుకుపడ్డాను. గొంతు చీలికలు పీలికలుగా వచ్చింది, కోపానికి అది సరిపోలేదు. "ప్రార్థన అని ఎందుకు చెప్పిండ్రు? గిప్పుడు చూడుండ్రి, నా బిడ్డను నేను తెచ్చుకోవాలంటే నన్ను నేను తిట్టుకోవాలె."

"పిల్ల ఏడుస్తుంటే నాకేం తోచలే" అన్నాడు ఆయన. "ఒక్కసారి చెప్పు శాంతమ్మా. నాలుగు మాటలు. అందరు పాట పాడుతరు, ఇంటికొస్తం. క్షయ సంగతి ఎవరికి తెల్వది. ఇల్లుంటది, నీ నౌకరి ఉంటది, పిల్లుంటది."

నేను సరేనన్నాను. ఏం చేయను? రాత్రంతా ఆ నాలుగు మాటలు మనసులో సర్దుకున్నాను.

కూడిక రోజు బౌద్ధనగర్ ఇంటి ముందు పందిరి వేశారు. చాపల మీద ఒకవైపు మగవాళ్లు, ఒకవైపు ఆడవాళ్లు. ముందుగా వచ్చినవాళ్లకు ఒకామె చాయ్ పోస్తూ తిరుగుతోంది. కృప వదిన పక్కన రిబ్బన్లు కట్టుకుని కూర్చుంది. చాయ్ పోసే ఆమె చెయ్యి వణికి, కాగుతున్న చాయ్ కృప చేతి మీద ఒలికింది.

నేను ఎదురుగా ఉన్నాను. చెయ్యి ఎర్రబడడం చూశాను. ఏ పిల్లయినా కెవ్వుమంటుంది. నా కృప పెదవులు బిగించుకుంది. కళ్లలో నీళ్లు నిండిపోయాయి. చప్పుడు లేదు. తల ఎత్తి వదిన ముఖం చూసింది, ఏడవొచ్చా అని అడిగినట్టు.

వదిన తడి కొంగుతో దాని చెయ్యి ఒత్తుతూ, పక్కవాళ్లతో గర్వంగా అంది. "చూసిండ్రా? కిక్కుమనలే. తల్లి మారితే పిల్ల ఎట్ల మారిందో చూడుండ్రి."

క్షయ అని విన్నరోజు కూడా అంత భయపడలేదు. నా జబ్బు నా బిడ్డకు అంటకూడదని అన్ని నెలలు దూరంగా ఉంచాను. అంటుకుంది. ఊపిరితిత్తులకు కాదు.

పాటయ్యింది, వాక్యమయ్యింది. అయ్యగారు నన్ను లేవమన్నారు. నిలబడ్డాను. సర్దుకున్న నాలుగు మాటలు ఎటు పోయాయో పోయాయి.

"దేవుడు నన్ను బతికించిండు, దానికి వందనాలు" అన్నాను. అందరూ ఆమేన్ అన్నారు. "నాకొచ్చింది నెమ్ము కాదు. క్షయ. గొంతుకు పాకింది. మాట్లాడితే గొంతు మళ్ల రాదని డాక్టరు చెప్పిండు, భయానికి నోరు మూసుకున్న. గంతే. గది ప్రార్థన కాదు. నేను మారలే. మారలేదని పలక మీద రాసి చూపించిన, మీరే నమ్మలే. దేవుడు నా నోరు మూసిండని మాత్రం నేను చెప్ప. మూయాలనుకున్నోడు మళ్ల ఎందుకిస్తడు?"

ఆమేన్ రాలేదు. ముందు వరసలో ఆడవాళ్లు మెల్లగా కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. నాకు దగ్గరగా కూర్చున్నామె వెనక్కి జరిగింది. ఇంతమందిలో గాలి ఎటు కొడుతోందో చూసుకున్న మనిషి ఒక్కరూ లేరు.

"తమ్మీ!" అంది వదిన. ఆమె ముఖం పాలిపోయింది. "నా ఇంట్ల, దేవుని పేరు మీద, గిన్ని నెలలు అబద్ధమా?"

మా ఆయన మగవాళ్లలోంచి లేచాడు. నలుగురిలో ఆయన నోరు విప్పగా నేను ఎన్నడూ చూడలేదు. "అబద్ధం నాదక్కా. శాంతమ్మది కాదు. నేను భయపడ్డ" అన్నాడు. అని, ఆడవాళ్ల మధ్యకు నడిచివచ్చి కృపను ఎత్తుకున్నాడు. అంత పెద్దపిల్లను చంకన వేసుకుని నిలబడ్డాడు. అది వదిన చెయ్యి వదల్లేదు. వదినా దాని చెయ్యి వదల్లేదు. అయ్యగారు ప్రార్థన చేద్దాం అన్నారు గాని ఎవరూ కళ్లు మూసుకోలేదు. చివరికి వదినే వదిలింది. వదిలి, లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

మళ్లీ వానలు

తర్వాత ఏం జరగాలో అదే జరిగింది. "చిన్నపిల్లలున్న ఇల్లు టీచరమ్మా, ఏమనుకోకుండ్రి" అని ఇంటామె మెల్లగానే చెప్పింది. ఈసారి అరవలేదు, నాకు చెవుడు లేదని తెలిసిపోయింది. బడివాళ్లు ఇంకా విశ్రాంతి తీసుకోమన్నారు, ఆ విశ్రాంతి ఇంకా నడుస్తోంది. యూనివర్సిటీ వెనక చిన్న ఇంట్లోకి మారాం. అయ్యగారు ఒకసారి వచ్చి గుమ్మంలోనే ప్రార్థన చేసి, "సత్యము చెప్పితివి, గాని సమయము చూచుకొనవలసినది" అని వెళ్లారు. వదిన రాలేదు. వదిన భర్త వచ్చి కృప పుస్తకాలు ఇచ్చి వెళ్లాడు. వదిన అన్నం సరిగ్గా తినడం లేదని చెప్పాడు. విని నాకు సంతోషం కలగలేదు, జాలీ కలగలేదు.

ఇవన్నీ భరించొచ్చు. భరించలేనిది ఇంట్లో ఉంది. కృప ఏం చెప్పినా "సరే అమ్మా" అనేది. అన్నంలో ఉప్పు ఎక్కువైతే తినేసేది. వేడిగా ఉంటే చల్లారేదాకా చేతులు కట్టుకుని కూర్చునేది. రాత్రి పడుకునే ముందు మోకరించి పెదవులు కదిపేది, ఏం ప్రార్థిస్తున్నావని అడిగితే "మంచిదాన్ని కావాలని" అనేది. దాన్ని మాట్లాడించాలని నేను కథలు చెప్పాను, పొడుపు కథలు వేశాను, పాటలు పాడితే గొంతు పగిలి నాకే నవ్వొచ్చింది. అది మర్యాదగా నవ్వేది. ఆ మర్యాద చూసి పక్కకు పోయి ఏడ్చేదాన్ని. సూదులు వేయించుకున్నన్నాళ్లూ ఇంత ఏడవలేదు.

"టైము పడ్తది" అనేవాడు మా ఆయన.

"ఎవరికి? దాన్ని పాడుచేసినోళ్లకా?" అని కసిరేదాన్ని. ఆయన్ని కూడా కలిపే అన్నానని ఆయనకు తెలుసు. లేచి వెళ్లి జావ గిన్నె కడిగేవాడు.

వానలు పట్టుకున్నాక ఒక పొద్దున. బడికి టైమవుతోంది, బయట ముసురు. నేను కృప తల దువ్వి జడలు వేస్తున్నాను. నాకు ఎప్పుడూ తొందరే, మందుల వల్ల చేతి వేళ్లు కూడా కాస్త మొద్దుబారాయి. చిక్కు దగ్గర దువ్వెన గట్టిగా లాగాను.

"అబ్బా!"

నా చెయ్యి ఆగిపోయింది. అది తల వెనక్కి గుంజుకుని నా వైపు తిరిగింది. ముఖమంతా ఎర్రబడింది.

"నొప్పైతలేదా నాకు? గట్ల గుంజుతవేంది? అత్తమ్మ మంచిగ ఏస్తుండె! నూనె పెట్టి, చిక్కు తీసి, మెల్లగ! నీకు ఏది చాతగాదు! నువ్వు ఎప్పుడు గింతే!"

ఇంతకన్నా ఘోరమైన మాట నాతో ఎవరూ అనలేదు. నా కడుపు మండింది. అదే క్షణంలో ఇంకేదో కూడా జరిగింది నా లోపల, దానికి పేరు నాకు తెలియదు. పేరు పెట్టేవాళ్లను పిలవదల్చుకోలేదు కూడా.

"అట్లయితే మీ అత్తమ్మ దగ్గరికే పో, ఏయించుకో!" అని అరిచాను. నా గొంతు పూర్తిగా తెరుచుకుంది.

"పోతా! వానల నడుసుకుంట పోతా! నువ్వు నన్ను పంపియ్యలేదా ఏంది? నేను ఎంత పిలిచినా మాట్లాడలే! ఒక్క మాట గూడ మాట్లాడలే నువ్వు!"

"మాట్లాడితే చచ్చిపోతుంటినే!"

"మరి గది చెప్పొద్దా నాకు?"

వరండాలో గొడుగు విప్పుతున్న మా ఆయన పరుగెత్తుకొచ్చాడు. "ఏమైంది? ఎవరికేమైంది?"

నాకు కన్నీళ్లు ధారగా కారుతున్నాయి. కృపకూ అంతే. "ఏం గాలే, మీరు ఆఫీసుకు పోండి" అన్నాను. ఆయన గుమ్మంలో నిలబడి మా ఇద్దరినీ చూశాడు. తర్వాత గొడుగు మూసేసి అక్కడే కూర్చుండిపోయాడు.

"ఇటు తిరుగు, టైమైతున్నది" అన్నాను కృపతో.

"నూనె పెట్టు ముందు" అంది.

నూనె సీసా తెచ్చాను. రెండో జడ వేస్తున్నంతసేపూ ఇద్దరం వాదించుకుంటూనే ఉన్నాం.